ఐ-20 కాగితం ఎలా మారింది, ఎవరి కోసం మారింది

"ఐ-20 వచ్చిందా?" అమెరికా చదువుకి అప్లై చేసిన పిల్లలున్న ఇళ్లలో కొన్ని నెలలపాటు వినిపించే ప్రశ్న ఇదే. ఐ-20 అంటే సీటిచ్చిన అమెరికా కాలేజీ విద్యార్థి పేరు మీద ఇచ్చే ఫారం. అది వస్తేనే బ్యాంకులో లోను ఫైలు కదులుతుంది, సెవిస్ అనే ప్రభుత్వ రికార్డుల వ్యవస్థకి ఫీజు కట్టొచ్చు, వీసా స్లాటు కోసం వేట మొదలవుతుంది. ఇంత ముఖ్యమైన ఆ మూడు పేజీల కాగితాన్ని మొదటి పేజీ దాటి చదివేవాళ్లు చాలా తక్కువ. తప్పంతా పిల్లలదే అనడం నాకు న్యాయంగా అనిపించదు. ఎందుకంటే ఈ ఫారం చాలా ఏళ్లపాటు విద్యార్థి చదవడానికి తయారు చేసింది కాదు. 2015లో దాన్ని మళ్లీ కొత్తగా డిజైన్ చేశారు, ఆ మార్పు నిజంగానే మంచిది, కానీ అది ఎక్కడ ఆగిపోయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1924 నాటి అమెరికా వలస చట్టంలోనే దీని మూలం ఉంది. అప్పట్లో విదేశీ విద్యార్థులను దేశాలవారీ కోటాలో లెక్కపెట్టకుండా విడిగా రానిచ్చారు. దానికో షరతు పెట్టారు. విద్యార్థిని చేర్చుకునే స్కూలుకి ప్రభుత్వ ఆమోదం ఉండాలి, ఆ విద్యార్థి చదువు మానేస్తే స్కూలే ప్రభుత్వానికి తెలియజేయాలి. అంటే మొదటి నుంచీ ఒప్పందం స్కూలుకీ ప్రభుత్వానికీ మధ్య, విద్యార్థి అందులో ఒక ఎంట్రీ మాత్రమే. 1952 చట్టంతో ఇప్పుడు మనం వాడే ఎఫ్ అనే విద్యార్థి వీసా వచ్చింది, 1980ల మొదట్లో వృత్తి కోర్సుల వాళ్లని ఎం అనే వేరే కేటగిరీలోకి మార్చారు. రూపం మారుతూ వచ్చినా ఆ పాత పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

కాగితాల మీద నడిచిన ఆ పద్ధతి ఎంత బలహీనమైందో మొదట 1979లో బయటపడింది. టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ సిబ్బందిని బందీలుగా పట్టుకున్నాక, ఇరాన్ విద్యార్థులంతా దగ్గర్లోని ఇమిగ్రేషన్ ఆఫీసుకి వచ్చి కనపడాలని కార్టర్ ప్రభుత్వం ఆదేశించింది. అప్పుడు తేలిందేమిటంటే, ఇరాన్ నుంచి ఎంతమంది విద్యార్థులున్నారో, ఎక్కడున్నారో ఇమిగ్రేషన్ శాఖే గట్టిగా చెప్పలేకపోయింది. 1993 ఫిబ్రవరిలో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద పేలిన వ్యాను నడిపినవాడు 1989లో స్టూడెంట్ వీసా మీద వచ్చి చదువు మానేసినవాడు. 1996లో కాంగ్రెస్ చట్టం చేసి విద్యార్థుల వివరాలు ఎలక్ట్రానిక్‌గా సేకరించమంది. దక్షిణాది రాష్ట్రాల్లోని కొన్ని కాలేజీల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు కూడా. కానీ యూనివర్సిటీలు, వాటి సంఘాలు ఒప్పుకోలేదు. విద్యార్థుల దగ్గర ఫీజు వసూలు చేసే పని తమ నెత్తిన పెట్టడం వాళ్లకి అసలు నచ్చలేదు. అలా అది నానుతూ ఉండిపోయింది.

ఆ రోజుల్లో ఐ-20 రెండు భాగాలుగా ఉండేది. విమానాశ్రయంలో అధికారి ఒక భాగం చింపి తన దగ్గర ఉంచుకునేవాడు, రెండోది విద్యార్థి చేతికిచ్చేవాడు. అధికారి తీసుకున్న భాగం కెంటకీ రాష్ట్రంలోని లండన్ అనే ఊళ్లో ఉన్న కాంట్రాక్టు సంస్థకి వెళ్లేది, అక్కడ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి, స్కూలుకి చెందాల్సిన కాపీని తిరిగి పంపేవాళ్లు. ఈ తిరుగుడుకి నెలలు పట్టేది. ఎంత ఆలస్యమయ్యేదో ప్రపంచమంతటికీ తెలిసింది మాత్రం 2002 మార్చి 11న. సెప్టెంబరు 11 దాడులు జరిగి సరిగ్గా ఆరు నెలలైన రోజు, ఫ్లోరిడాలోని వెనిస్‌లో ఉన్న ఒక ఫ్లయింగ్ స్కూలుకి, విమానాలను భవనాల్లోకి నడిపించిన మహమ్మద్ అత్తా, మర్వాన్ అల్ షెహీల స్టూడెంట్ స్టేటస్ మంజూరైనట్టు కాగితాలు చేరాయి. ఆమోదం 2001 వేసవిలోనే ఇచ్చారు, కాగితం ఇప్పుడు వచ్చింది. దేశమంతా నివ్వెరపోయింది, అధ్యక్షుడు బుష్ బహిరంగంగానే మండిపడ్డారు.

ఆ తర్వాత ఇక ఏదీ ఆగలేదు. సెవిస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ 2003లో తప్పనిసరి అయింది, ఆ ఏడాది ఆగస్టు 1కల్లా అప్పటికే చదువుతున్న వాళ్లందరి వివరాలూ అందులోకి ఎక్కాయి. పాత ఇమిగ్రేషన్ శాఖ 2003 మార్చిలో రద్దయి హోంల్యాండ్ సెక్యూరిటీలో కలిసిపోయింది, విద్యార్థుల వ్యవహారం అందులో వలస చట్టాలు అమలు చేసే ఐస్ విభాగానికి వెళ్లింది. 2004 సెప్టెంబరు నుంచి ఈ వ్యవస్థ ఖర్చుని విద్యార్థుల దగ్గరే వసూలు చేయడం మొదలుపెట్టారు. ముందు 100 డాలర్లు, 2008లో 200, 2019 జూన్ నుంచి 350. మనవాళ్లు వీసా ఫీజుతో పాటు కట్టే సెవిస్ ఫీజు ఇదే.

ఇక్కడ జరిగిన అసలు మార్పు చాలామంది దృష్టికి రాలేదు. 2003 తర్వాత ఐ-20 అనేది స్వతంత్రమైన పత్రం కాదు, సెవిస్‌లో ఉన్న రికార్డుకి ఒక ప్రింటు మాత్రమే. బ్యాంక్ పాస్‌బుక్ లాంటిదన్నమాట, ప్రింటు వేయించిన రోజుకి అది నిజం, మర్నాడు ఖాతాలో ఏం జరిగిందో అందులో ఉండదు. ఫారం రూపం మాత్రం పాత కాలం నాటిదే. మొదటి పేజీలో పైన బార్‌కోడు, కింద నంబర్లు వేసిన వాక్యాలు, వాటి మధ్య ఖాళీల్లో సమాచారం. ఫలానా విద్యార్థిని ఈ స్కూలు ఫుల్ టైమ్ కోర్సుకి చేర్చుకుంది, ఫలానా తేదీలోపు రిపోర్టు చేయాలి, ఫలానా తేదీలోపు ముగించాలి అంటూ పొడుగాటి వాక్యాలు. ముఖ్యమైన తేదీ కావాలంటే వాక్యమంతా చదివి వెతుక్కోవాల్సిందే. రెండో పేజీ నిండా సన్నటి అక్షరాల్లో సూచనలు, అందులోనూ ముందు స్కూలు అధికారులకి, ఆ తర్వాతే విద్యార్థికి. నువ్వు ఏం చేయకూడదు, ఎక్కడ పని చేయకూడదు, అడ్రసు మారితే ఎన్నాళ్లలో చెప్పాలి అన్న సంగతులు ఆ అడుగున ఉండేవి. చదవలేదని మన పిల్లల్ని ఎలా తిడతాం?

ఆ చదవని కాగితం ఎంత ప్రమాదకరమో 2011 జనవరిలో మనకి తెలిసొచ్చింది. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అనే బోగస్ కాలేజీ మీద ప్రభుత్వ అధికారుల దాడులు జరిగాయి. అక్కడ చేరినట్టు రికార్డుల్లో ఉన్న పదిహేను వందలకు పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది మన దేశం వాళ్లే, వాళ్లలో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. సగం మందికి పైగా విద్యార్థుల అడ్రసు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ అని సెవిస్‌లో రాసి ఉంది. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు తగిలిస్తే మన దేశం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ కాలేజీ పెట్టిన మహిళకి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కానీ ఆ పిల్లల చేతుల్లో ఉన్న ఐ-20లు ఫోర్జరీ కాదు. అదే సెవిస్‌లోంచి, అదే ఫారం మీద, అధికారిక సంతకంతో వచ్చినవి. చాలా ఇళ్లలో అప్పులు చేసి పంపిన తల్లిదండ్రులకి, కాగితం అసలుదైతే కాలేజీ కూడా అసలుదే అన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకం తప్పని చెప్పే గీత ఒక్కటి కూడా ఆ ఫారంలో లేదు.

2015 జూన్ 26న కొత్త ఐ-20 వచ్చింది. పాతవి 2016 జూలై 1 తర్వాత చెల్లవని, ఈలోపు అందరికీ కొత్తవి ఇచ్చేయాలని స్కూళ్లకి చెప్పారు. అప్పటికి ఎఫ్, ఎం విద్యార్థులు కలిపి పది లక్షల పైమాటే, అంతమందికీ మళ్లీ ప్రింటు తీసి, సంతకం పెట్టి, అందజేయాలంటే ఇంటర్నేషనల్ ఆఫీసులకి ఏడాదంతా అదే పని అయింది. ఊళ్లో పెళ్లికో సంక్రాంతికో వచ్చి వెళ్లే పిల్లలు పాత ఐ-20తో ఎయిర్‌పోర్టులో ఆపుతారేమోనని టెన్షన్ పడ్డారు.

కొత్త ఫారం పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బార్‌కోడు పోయింది. వీసా తరగతి పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. పొడుగు వాక్యాల బదులు గళ్లు వచ్చాయి, కోర్సు ఏమిటి, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అన్నవి విడివిడిగా కనిపిస్తాయి. ఎప్పటి నుంచి దేశంలోకి రావచ్చో ఆ తేదీ కూడా ఇప్పుడు ఫారం మీదే ఉంటుంది, కోర్సు మొదలయ్యే రోజు నుంచి ముప్పై రోజులు వెనక్కి లెక్కపెట్టుకునే పని తప్పింది. ఖర్చులు, నిధుల గళ్లు పక్కపక్కనే ఉంటాయి. మన ఇళ్లలో ఎక్కువగా చదివేది ఈ గళ్లే, ఎందుకంటే బ్యాంక్ బ్యాలెన్స్ చూపించే గొడవంతా దాని చుట్టూనే.

పేర్ల విషయంలో చేసిన మార్పు మనకి బాగా పనికొచ్చింది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది, పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. పాత ఫారంలో ఇలాంటి పేర్లు ఒక్కో కాలేజీ ఒక్కో రకంగా రాసేది, ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గరా, డ్రైవింగ్ లైసెన్సు దగ్గరా పేరు కలవక తిప్పలు. కొత్త ఫారంతో పాటే పేర్లు ఎలా ఎక్కించాలన్న నియమాలూ వచ్చాయి, పాస్‌పోర్టులో ఉన్న పేరుకి విడిగా ఒక గడి పెట్టారు, అందరూ పిలిచే పేరుకి ఇంకొకటి.

రెండో పేజీలో ఓపీటీ (ఎక్కువగా చదువయ్యాక చేసే పని), సీపీటీ (చదువులో భాగంగా చేసే పని) లాంటి పని అనుమతులు, స్టేటస్ మార్పులు, ట్రావెల్ సిగ్నేచర్ (దేశం బయటికి వెళ్లి తిరిగి రావడానికి స్కూలు పెట్టే సంతకం) అన్నీ ఒకచోటికి చేరాయి, పాతదాంట్లో ట్రావెల్ సంతకం మూడో పేజీలో ఉండేది. నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు మాత్రం మూడో పేజీలోది. సూచనల్లో ముందు విద్యార్థికి చెప్పాల్సినవి, స్కూలుకి చెప్పేవి అడుగున. 1924 నుంచి స్కూలుకీ ప్రభుత్వానికీ మధ్య నడిచిన ఆ ఒప్పందంలోంచి పుట్టిన ఫారం మొదటిసారి తనని మోసుకెళ్లే మనిషితో ముందుగా మాట్లాడింది. ఇది చిన్న విషయం కాదు.

అయినా సమస్య తీరలేదు. 2015 డిసెంబరులో, అంటే కొత్త ఫారం వచ్చిన ఆర్నెల్లకే, కాలిఫోర్నియాలోని రెండు కాలేజీలకి వెళ్తున్న విద్యార్థులను హైదరాబాద్‌లో విమానం ఎక్కనివ్వలేదు, అప్పటికే వెళ్లిన కొందరిని అక్కడి ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపారు. వాళ్ల దగ్గర వీసాలూ ఉన్నాయి, ఐ-20లూ ఉన్నాయి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా దారుణం. అది అసలు కాలేజీయే కాదు, దొంగ అడ్మిషన్ల దందాని పట్టుకోవడానికి ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన సంస్థ. ప్రభుత్వ జాబితాలో దాని పేరుంది, దాని ఐ-20లు సెవిస్ నుంచే వచ్చాయి. విద్యార్థుల్లో, రిక్రూటర్లుగా పట్టుబడ్డ ఎనిమిది మందిలో మనవాళ్లు ఎక్కువ. క్లాసులు లేకుండా పని చేసుకోవచ్చని తెలిసే చేరినవాళ్లు ఉన్నారు, నేను కాదనను. కానీ కాలేజీ సంగతి విచారించుకుందామని ప్రభుత్వ వెబ్‌సైట్లో వెతికినవాడికి కూడా అక్కడ దొరికిన జవాబు "ఆమోదం ఉంది" అనే. కాగితం ఎంత అందంగా తీర్చిదిద్దినా దాని వెనక ఏముందో అది చెప్పలేదని అప్పుడే అర్థం కావాల్సింది.

కరోనా వచ్చాక ఐ-20 ఈమెయిల్లో రావడం మొదలైంది, 2021 నవంబరులో దానికి పక్కాగా అనుమతి ఇచ్చారు. కొరియర్ ఖర్చు, అసలు సంతకం ఉన్న కాగితం కోసం రోజుల తరబడి ఎదురుచూపు పోయాయి, స్లాటు దొరకబుచ్చుకునే హడావుడిలో ఇది నిజంగా పెద్ద ఊరట. కానీ ఇప్పుడు ఒక్కో విద్యార్థి ఫోన్లో నాలుగైదు పీడీఎఫ్‌లు ఉంటాయి. మేజర్ మారితే ఒకటి, సీపీటీకి ఒకటి, ట్రావెల్ సంతకానికి ఇంకొకటి. ఏది తాజాదో చూసుకోవాలంటే మొదటి పేజీ అడుగున స్కూలు సంతకం పక్కనున్న తేదీ చూడాలి, ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి, అందులో పాత ట్రాఫిక్ కేసుల్లాంటి చిన్న విషయాలున్నవాళ్లూ ఉన్నారు, మన పిల్లలూ ఉన్నారు. చాలామందికి ఆ సంగతి యూనివర్సిటీ మెయిల్ వస్తే గానీ తెలియలేదు. చేతిలో ఐ-20 మీద ముగింపు తేదీ ఇంకా ఏడాదో రెండేళ్లో ఉంది. కోర్టుల్లో కేసులు పడ్డాక, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు పునరుద్ధరిస్తామని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో, చదువు ఉన్నంతకాలం ఉండనిచ్చే పద్ధతి తీసేసి, గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలని ప్రతిపాదించింది. అలాంటి నియమం వస్తే ఐ-20లోని ముగింపు తేదీ గడికి ఇప్పుడున్న దానికంటే ఎన్నో రెట్లు బరువు పెరుగుతుంది.

అందుకే ఈసారి డిజైన్ అంటే గళ్లు సర్దడం కాకూడదు. 2018 నుంచి ఓపీటీలో ఉన్నవాళ్లకి ఒక పోర్టల్ ఇచ్చారు, అందులో తమ అడ్రసు, ఉద్యోగం వివరాలు తామే మార్చుకోవచ్చు. క్లాసుల్లో ఉన్న మిగతా విద్యార్థులకి ఆ తలుపు లేదు. తమ రికార్డు యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది తెలుసుకోవాలంటే డీఎస్‌ఓకి, అంటే సెవిస్ పని చూసే స్కూలు అధికారికి, మెయిల్ పెట్టి జవాబు కోసం కూర్చోవాల్సిందే. 350 డాలర్లు కట్టేది విద్యార్థి, ఆ డబ్బుతో నడిచే వ్యవస్థలో తన పేరు మీద ఏం రాసి ఉందో చూసుకునే హక్కు కూడా ఆ విద్యార్థికి ఉండాలి. కాలేజీ ఆమోదం ఏ స్థితిలో ఉందో, తన స్టేటస్ ఏమిటో, చివరి మార్పు ఎవరు ఎప్పుడు చేశారో, ఈ మూడూ లాగిన్ అవ్వగానే కనిపించాలి.