‘పీక్ రాలేదు’ అంటే నిర్మాణం లేదని కాదు: ఆక్సైడ్ గాజులపై అపోహలు - వాస్తవాలు

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే వివర్తనం) పటంలో పదునైన పీక్ (శిఖరం) ఒక్కటీ లేదని, వెడల్పాటి హంప్ (ఉబ్బు) మాత్రమే వచ్చిందని, కాబట్టి తమ గాజులో అధ్యయనం చేయదగ్గ నిర్మాణమే లేదని బెంగపడుతూ హైదరాబాద్ చుట్టుపక్కల కళాశాలల పరిశోధక విద్యార్థులు మా ప్రయోగశాలకు తరచూ వస్తుంటారు. ఈ ఒక్క అపోహ వల్ల కొందరికి ఫెలోషిప్ కాలంలో ఏడాది పోతుంది, కొందరు అంశాన్నే వదులుకుంటారు.

అపోహ: పీక్ లేకపోతే నిర్మాణం లేదు.

వాస్తవం: పీక్ లేదంటే దీర్ఘశ్రేణి క్రమం, అంటే ఒకే అమరిక దూరం దాకా పునరావృతం కావడం, లేదని మాత్రమే అర్థం. సిలికా గాజులో ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు సుమారు 1.61 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో చతుర్ముఖి ఆకారంలో అమరి ఉంటాయి, క్వార్ట్జ్‌లోనూ అంతే. తేడా వచ్చేది ఒక చతుర్ముఖి పక్కదానితో కలిసే చోట. అక్కడి సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ కోణం క్వార్ట్జ్‌లో 144 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే, గాజులో సుమారు 120 నుంచి 180 డిగ్రీల దాకా పరచుకొని ఉంటుంది. 1932లో జకరియాసెన్ ప్రతిపాదించిన, ఆ తర్వాత వారెన్ ఎక్స్‌రే ప్రయోగాలు బలపరచిన అల్లిక ఇదే.

హంప్ కూడా ఖాళీ కాగితం కాదు. ఎక్స్‌రేలను పుట్టించే రాగి టార్గెట్‌తో సిలికా గాజుకు 21 డిగ్రీల దగ్గర కనిపించే హంప్ మధ్యశ్రేణి క్రమానికి, అంటే కొన్ని చతుర్ముఖుల మేర ఉండే అమరికకు, గుర్తు. అయితే రాగి కిరణాలతో క్యూ విలువ (కిరణాలు చెదిరిన కోణం, వాటి తరంగదైర్ఘ్యం నుంచి లెక్కించే కొలత) సుమారు 8 విలోమ ఆంగ్‌స్ట్రామ్‌లను మించదు కనుక బంధ దూరాలు విడివిడిగా తేలవు. మాలిబ్డినం టార్గెట్‌తో 17 దాకా వెళ్లి, ఫోరియర్ రూపాంతరం చేస్తే పరమాణు జంటల మధ్య దూరాలు బయటపడతాయి.

సోడియం బోరేట్ గాజులు చేస్తున్న ఒక విద్యార్థినికి ఆమె గైడే ‘ఇందులో ఏమీ లేదు, వేరే అంశం చూసుకో’ అన్నారట. కళ్లనీళ్లు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. అవే ముక్కలను రామన్ యంత్రం (లేజర్ కాంతి చెదిరే తీరుతో బంధాల కంపనాలను చూపేది) కింద పెట్టాం. సోడియం తక్కువున్న ముక్కలో బోరాక్సాల్ వలయాలకు (మూడు బోరాన్లు, మూడు ఆక్సిజన్లు కలిసిన ఉంగరాలకు) చెందిన, 806 తరంగసంఖ్య (విలోమ సెంటీమీటర్లలో) దగ్గరి గీత నిటారుగా నిలబడింది. సోడియం పెరిగేకొద్దీ అది తగ్గి, నాలుగు ఆక్సిజన్లున్న బోరాన్ చేరిన వలయాల గీత 770 దగ్గర పెరుగుతూ వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీలో ఆ ముక్కలన్నీ ఒకేలా కనిపించాయి. ఆమె సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయానికి సరిపడా విషయం అప్పటికే ఆమె సంచిలో ఉంది.

దీనికి తలకిందులైన భయం వానాకాలంలో మొదలవుతుంది: 28 డిగ్రీల దగ్గర పీక్ వచ్చింది, గాజు స్ఫటికమైపోయిందని. ముక్కను వెలుతురులో తిప్పి చూడండి. పైన తెల్లటి మసక పొర కనిపిస్తే, క్షారం (సోడియం వంటిది) తక్కువున్న బోరేట్ గాజు గాలిలోని తేమను పీల్చుకోవడం వల్ల ఏర్పడిన బోరిక్ ఆమ్లం అయి ఉండవచ్చు. ఆ పొరను గీకేసి, లోపలి గాజును నూరి, వెంటనే మళ్లీ ఎక్స్‌ఆర్‌డీ తీయండి. ముక్కలను డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) ఉంచితే ఈ బాధే ఉండదు.

అపోహ: ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ వర్ణపటంలో) మూడు ఆక్సిజన్లున్న బోరాన్‌కూ, నాలుగున్న బోరాన్‌కూ చెందిన రెండు పట్టీల విస్తీర్ణాల నిష్పత్తే నాలుగు సమన్వయ (నాలుగు ఆక్సిజన్లున్న) బోరాన్ శాతం.

వాస్తవం: కాదు, ఎందుకంటే ఆ రెండు రకాల బోరాన్ సమూహాలూ పరారుణాన్ని ఒకే బలంతో పీల్చుకోవు. శాతం కావాలంటే బోరాన్-11 ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) తీయించాలి. 20 మోల్ శాతం సోడియం ఆక్సైడ్ ఉన్న బోరేట్ గాజులో అది సుమారు 25 శాతం వస్తుంది.

అపోహ: పాత చర్చి కిటికీల గాజు ద్రవంలా మెల్లగా కిందికి జారింది, అందుకే అడుగున మందంగా ఉంటుంది.

వాస్తవం: గది ఉష్ణోగ్రతలో అంత ప్రవాహం అసాధ్యం, ఆ పలకలు తయారీలోనే ఎగుడుదిగుడుగా వచ్చాయి.

అపోహ: విదేశాలకు వెళ్తే తప్ప ఈ పని జరగదు.

వాస్తవం: ఇందోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్‌రేలనిచ్చే యంత్రం), ముంబైలోని ట్రాంబేలో న్యూట్రాన్లకు ధ్రువ రియాక్టర్ ఉన్నాయి. న్యూట్రాన్ ప్రయోగానికి బోరేట్ గాజు పంపేవారు మాత్రం బోరాన్-11 అధికంగా ఉన్న ముడిపదార్థంతోనే కరిగించాలి. సహజ బోరాన్‌లో సుమారు 20 శాతం ఉండే బోరాన్-10 న్యూట్రాన్లను మింగేస్తుంది.