ట్వెల్త్ గ్రేడ్ బ్రిటిష్ లిటరేచర్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో చాలా హైస్కూళ్లలో లెవెన్త్‌లో అమెరికన్ సాహిత్యం, ట్వెల్త్‌లో బ్రిటిష్ సాహిత్యం చెప్పడం ఆనవాయితీ. రాష్ట్రాన్ని బట్టి, స్కూల్ డిస్ట్రిక్ట్‌ని బట్టి కోర్సు పేరు మారొచ్చు. బేవుల్ఫ్ అనే పాత వీరకావ్యంతో మొదలై చాసర్, షేక్‌స్పియర్, స్విఫ్ట్, మేరీ షెల్లీ మీదుగా ఆర్వెల్ దాకా వచ్చే క్లాసు అంటే మాత్రం సీనియర్లందరికీ, అంటే ట్వెల్త్ చదివేవాళ్లకు, తెలుస్తుంది. టీచర్‌గా నేను పాఠం చెప్పేది ఆ క్లాసుకే. పేరెంట్ మీటింగులకు వచ్చే తెలుగువాళ్లు రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి, తర్వాత తెలుగులోకి మారి, "మేడమ్, నిజం చెప్పండి" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నల వెనక ఉండే నమ్మకాలు కొన్ని పిల్లల చదువుకు అడ్డం పడుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లిష్, మన పిల్లలకు ఎక్కదు.

షేక్‌స్పియర్ రాసింది ఆధునిక ఇంగ్లిషే, కాకపోతే దాని తొలి దశ. ఓల్డ్ ఇంగ్లిష్ అంటే బేవుల్ఫ్ భాష. దాన్ని ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా నేరుగా చదవలేరు. క్లాసులో అందరి చేతుల్లోనూ ఉండేది అనువాదమే. ఐరిష్ కవి షేమస్ హీనీ 1999లో ప్రచురించిన అనువాదాన్ని చాలామంది టీచర్లు ఇష్టపడతారు, నేనూ అంతే. ఈ కావ్యం 3,182 పంక్తులు. దానికి మిగిలిన పాత రాతప్రతి ఒక్కటంటే ఒక్కటే, సుమారు వెయ్యేళ్ల నాటిది. 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలి, ఎలాగో బయటపడి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఈ సంగతి చెప్పిన రోజు క్లాసులో ఫోన్లు పక్కకు వెళ్లిపోతాయి.

షేక్‌స్పియర్ దగ్గర పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా కొత్త మాటల వల్ల కాదు, తారుమారైన వాక్య క్రమం వల్ల. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో ఉంటుంది. పద్యం చెప్పేటప్పుడు మన తెలుగు మాస్టార్లు ముందు అన్వయం రాయించేవారు, గుర్తుందా? ఎవరు, ఏం చేశారు, ఎవరిని అని వరసలో పెట్టుకోవడం. ఇక్కడా అదే పని. పది పంక్తులకు అలా అన్వయం చేసిన పిల్లలకు పదకొండో పంక్తి దగ్గర భయం తగ్గుతుంది.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ సాహిత్యంలో వెనకబడతారు.

ఇది విన్న ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే నాకు కనిపించేది దీనికి పూర్తిగా వేరు. బేవుల్ఫ్‌లో ప్రతి పంక్తికీ రెండు సగాలు, మధ్యలో విరామం. చివర ప్రాసలు ఉండవు. రెండు సగాలనూ కట్టి ఉంచేది శబ్దమే. రెండో సగంలో మొదట ఊనిక పడే (నొక్కి పలికే) మాట ఏ ధ్వనితో మొదలవుతుందో, మొదటి సగంలో ఊనిక పడే మాటల్లో ఒకటైనా అదే ధ్వనితో మొదలవ్వాలి. పోతన "ఎవ్వనిచే జనించు జగమెవ్వని" అన్నచోట మొదటి 'ఎ'కీ, యతిస్థానంలో వచ్చే 'ఎ'కీ కుదిరిన మైత్రి విన్న చెవికి దీన్ని కొత్తగా నేర్పక్కర్లేదు. రెండూ ఒకటే అనడం లేదు. మన పద్యం గణాలనూ అక్షరాలనూ లెక్కపెడుతుంది, వాళ్లది ఊనికను లెక్కపెడుతుంది. కానీ శబ్దం పంక్తిని మోస్తుందన్న సంగతి తాతయ్య దగ్గరో, తెలుగు పాఠశాల క్లాసులోనో నాలుగు పద్యాలు నేర్చుకున్న పిల్లలకు ముందే తెలుసు. ఆ తెలివిని వాడుకోమని నేను వాళ్లకు గట్టిగా చెబుతాను. ఇంట్లో తెలుగు మానేయకండి, దయచేసి.

అపోహ: కథ తెలిస్తే చాలు. ఆన్‌లైన్ సమ్మరీ చదివితే పరీక్ష గట్టెక్కుతుంది.

షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ కథ ఎవరైనా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. మంత్రగత్తెలు జోస్యం చెప్పారు, భార్య రెచ్చగొట్టింది, రాజును చంపాడు, తనూ పోయాడు. నేను పరీక్షలో కథ అడగను. ఒక పేజీ ఇచ్చి, ఇందులో ఏం జరుగుతోంది, ఏ మాటను బట్టి అంటున్నావు అని అడుగుతాను.

ఉదాహరణకు ఒక్క చోటు. నాటకం మొదటి సీన్ చివర మంత్రగత్తెలు "ఫెయిర్ ఈజ్ ఫౌల్, అండ్ ఫౌల్ ఈజ్ ఫెయిర్" అంటారు. మంచి చెడు, చెడు మంచి, రెండూ కలగాపులగం. మూడో సీన్‌లో మాక్‌బెత్ మొదటిసారి రంగం మీదికి వస్తాడు. అతను పలికే మొదటి వాక్యమే, ఇంత 'ఫౌల్ అండ్ ఫెయిర్' రోజును ఇంతవరకూ చూడలేదని. అప్పటికి అతను వాళ్లను కలవనే లేదు. మరి వాళ్ల మాటలు అతని నోట్లోకి ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న వేసి నేను కూర్చుంటాను. చేతులు ఒక్కొక్కటిగా లేస్తాయి. ఒకరు విధి అంటారు, ఒకరు అతని మనసు ముందే పాడైందంటారు, ఒకరు అది కేవలం వాతావరణం గురించి అన్న మాట అంటారు. ఆ మూడో జవాబును నేను కొట్టిపారేయను, దాన్ని కాదనాలంటే మిగతావాళ్లు పుస్తకంలోంచి ఆధారం తేవాలి.

తర్వాత బల్ల మీద తాళం వేయిస్తాను. "డబుల్, డబుల్, టాయిల్ అండ్ ట్రబుల్" అన్నప్పుడు మొదటి దెబ్బ గట్టిగా పడుతుంది, పంక్తికి నాలుగు దెబ్బలు. మాక్‌బెత్ పంక్తి మెల్లగా మొదలై రెండో అక్షరం మీద ఊనుతుంది, అయిదు దెబ్బలు. మనుషులకు ఒక నడక, మంత్రగత్తెలకు ఒక నడక. ఇది కళ్లతో చదివితే తెలియదు, పైకి చదవాలి. కాబట్టి మీ ఇంట్లో సీనియర్ గదిలో ఒక్కడే కూర్చుని గట్టిగా డైలాగులు చదువుతుంటే ఆపకండి, హోంవర్క్ సరిగ్గా చేస్తున్నాడని అర్థం.

చాట్‌బాట్‌తో రాయించడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అలా వచ్చిన వ్యాసాల్లో నాటకంలో లేని పంక్తులు కొటేషన్లుగా రావడం నేను చూశాను. ఇప్పుడు నా క్లాసులో ముఖ్యమైన వ్యాసాలన్నీ నా ఎదుటే, పెన్నుతో, కాగితం మీద రాయాలి.

అపోహ: మంచి వ్యాసమంటే పెద్ద పెద్ద మాటలు, ఐదు పేరాలు.

ఐదు పేరాల పద్ధతి మిడిల్ స్కూల్‌లో పనికొస్తుంది. ట్వెల్త్‌కు వచ్చేసరికి పేరాలు ఎన్ని అన్నది వాదన తేల్చాలి. పిల్లల మొదటి డ్రాఫ్టుల్లో నాకు ఎక్కువగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: "అత్యాశ మనిషిని ఎలా నాశనం చేస్తుందో షేక్‌స్పియర్ అద్భుతంగా చూపించాడు." దీన్ని కాదనేవాళ్లు ఎవరూ ఉండరు, కాబట్టి నిరూపించడానికీ ఏమీ ఉండదు. నాలుగు ప్రశ్నలు వేసి తిరిగి రాయిస్తే అదే విద్యార్థి దగ్గర్నుంచి ఇలాంటిది వస్తుంది: "మంత్రగత్తెలు మాక్‌బెత్ మనసులో కొత్త కోరిక పుట్టించలేదు. వాళ్లను కలవకముందే వాళ్ల మాట అతని నోట ఉంది, జోస్యం అతనికి సాకు మాత్రమే." ఇప్పుడు ఎదురు వాదించొచ్చు. అదే జోస్యం తోటి సేనాని బాంక్వో కూడా విన్నాడు కదా, అతనెందుకు హత్య చేయలేదు అని అడగొచ్చు. వ్యాసం అక్కడ మొదలవుతుంది.

ఆ తర్వాతి పని చిన్న కొటేషన్, పెద్ద వివరణ. తెచ్చిన పంక్తిలో ఏ మాట మీ వాదనను నిలబెడుతోందో చెప్పకపోతే ఆ పంక్తి తెచ్చి లాభం లేదు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) లిటరేచర్ పరీక్షలో ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు ఉంటే అందులో నాలుగు ఆధారాలకూ, వాటి వివరణకూ పోతాయి. వాదనా వాక్యానికి ఒకటి. కాబట్టి ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) పదాల జాబితా తెచ్చి వ్యాసంలో గుప్పించే అలవాటు మాన్పించండి.

అపోహ: ఏపీ లిట్, బ్రిటిష్ లిట్ ఒకటే.

కాదు. ఏపీ సిలబస్‌లో ఏ దేశపు రచనలైనా ఉండొచ్చు, దానికి తప్పనిసరి పుస్తకాల జాబితా లేదు. మీ స్కూల్లో ఏది ఏ పేరుతో ఉందో కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే స్కూల్ కౌన్సిలర్‌ని అడగండి.

అపోహ: అది తెల్లవాళ్ల సాహిత్యం, మనకు సంబంధం లేదు.

ఈ మాట పిల్లలు అంటే నేను తీసిపారేయను, వలస పాలన గురించి క్లాసులో మాట్లాడుకుంటాం. కానీ జాబితా చూడండి. ఆర్వెల్ 1903లో పుట్టింది బిహార్‌లోని మోతీహారిలో. నోబెల్ అందుకున్న బ్రిటిష్ నవలాకారుడు ఇషిగురో పుట్టింది నాగసాకిలో. స్విఫ్ట్ డబ్లిన్‌వాడు. పేదల పిల్లలను తిండిగా అమ్మితే పేదరికం తీరుతుందని 1729లో అతను రాసిన వ్యంగ్యం ఐర్లండ్‌ను పిండుకుంటున్న వాళ్ల మీద. మొదటి పేజీల్లో నిజంగానే అంటున్నాడనుకుని మా పిల్లలు మండిపడతారు. ఆ కోపం ఎవరి మీదికి తిరగాలో కనిపెట్టడమే ఆ వారం పాఠం.

ఇక మన సంగతి. కందుకూరి వీరేశలింగం 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల స్ఫూర్తితో వచ్చింది. ఆయన 'రాజశేఖర చరిత్రము' వెనక గోల్డ్‌స్మిత్ నవల ఉంది. భావకవులు షెల్లీ, కీట్స్‌లను చదువుకుని తెలుగులో తమ దారి వేసుకున్నారు. అమ్మమ్మో తాతయ్యో ఊళ్లో ఇవి చదివి ఉంటే, వీడియో కాల్‌లో మనవరాలితో ఒక్కసారి మాట్లాడించండి. నా క్లాసులో తులనాత్మక వ్యాసానికి అది మంచి ముడిసరుకు.

అపోహ: కాలేజీ సీటు వచ్చాక సీనియర్ ఇయర్ గ్రేడ్లు ఎవరూ చూడరు.

చూస్తారు. జూన్ తర్వాత ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల పత్రం) కాలేజీకి వెళ్తుంది. గ్రేడ్లు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంటుంది. పైగా చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ డిప్లొమాకు నాలుగేళ్ల ఇంగ్లిష్ క్రెడిట్లు కావాలి. సెకండ్ సెమిస్టర్ ఇంగ్లిష్ ఫెయిలైతే గ్రాడ్యుయేషనే టెన్షన్‌లో పడుతుంది. ఫిబ్రవరిలో గ్రేడ్ జారడం కనిపిస్తే మే దాకా ఆగకండి. ఆ వారమే టీచర్‌కి మెయిల్ పెట్టండి, లేదా మీ పిల్లలనే పెట్టమనండి. డ్రాఫ్ట్ తిరిగి రాసుకునే అవకాశం ఉందా, స్కూలయ్యాక కాసేపు కూర్చుని చెబుతారా అని అడగమనండి. నన్నడిగితే సంతోషంగా సరేనంటాను.