లేఆఫ్ కాగితంలో ముందు చూడాల్సింది డబ్బు కాదు, తేదీ

"పన్నెండు వారాల సెవరెన్స్ ఇస్తున్నారండీ, అంటే మూడు నెలలు స్టేటస్‌కి ఢోకా లేనట్టే కదా?"

అమెరికాలో హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీద పనిచేస్తూ లేఆఫ్ అయిన తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. సెవరెన్స్ అంటే తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము, స్టేటస్ అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత. ఎడిసన్‌లో ఉన్నా, ఇర్వింగ్‌లో ఉన్నా, ఫ్రీమాంట్‌లో ఉన్నా మారదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "అవును బ్రో, సెవరెన్స్ అయ్యాకే అరవై రోజులు మొదలు" అని తేల్చేస్తారు. ఈ ఒక్క మాట వల్ల జరిగినంత నష్టం ఇంకే పుకారు వల్లా జరగడం లేదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: సెవరెన్స్ అందుతున్నన్నాళ్లూ హెచ్‌1బీ స్టేటస్ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. ఉద్యోగం పోయాక అక్కడే ఉండి వేరే దారి చూసుకోవడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. శని, ఆదివారాలూ పండుగలూ అన్నీ కలిపే. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే ఉంటే అక్కడితోనే సరి. లెక్క మొదలయ్యేది ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి. ఉద్యోగం ముగిసిన రోజు అంటే మామూలుగా మీకు జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు అని యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) చెబుతోంది. సెవరెన్స్ జీతం కాదు. కంపెనీ మీద దావా వేయనని మీరు రాసిచ్చే రిలీజ్‌కి అది కట్టే వెల. ఒకేసారి ఇచ్చినా, రెండు వారాలకోసారి పేచెక్‌లాగా వేసినా తేడా లేదు. ఖాతాలో డబ్బు పడుతోంది కదా అని ధీమాగా కూర్చున్నవాళ్లకే దెబ్బ గట్టిగా తగులుతుంది.

తారీఖులతో చూద్దాం. 2026 జనవరి 15న కాల్ వచ్చింది, అగ్రిమెంట్‌లో సెపరేషన్ డేట్ (ఉద్యోగం ముగిసే తేదీ) కూడా అదే రోజు, సెవరెన్స్ 12 వారాలు. గ్రేస్ మార్చి 16తో అయిపోతుంది. డబ్బు మాత్రం ఏప్రిల్ దాకా సరిపోతుంది. ఇప్పుడు అదే 12 వారాలను రెండుగా విడగొట్టండి: 8 వారాలు పేరోల్ మీద మామూలు జీతం, మిగతా 4 వారాలు సెవరెన్స్. సెపరేషన్ డేట్ మార్చి 12 అవుతుంది. గ్రేస్ మే 11 దాకా వెళ్తుంది. కంపెనీ చేతి నుంచి పోయే సొమ్ము ఇంచుమించు అంతే, మీకు మాత్రం 56 రోజులు కలిశాయి. ఆ మధ్యలో వెస్ట్ కావాల్సిన (మీ సొంతం కావాల్సిన) ఆర్ఎస్‌యూలు, అంటే కంపెనీ ఇచ్చే షేర్లు, ఉంటే ప్లాన్ నిబంధనలను బట్టి అవీ దక్కవచ్చు. గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా కొనసాగుతుంది. కాబట్టి హెచ్‌ఆర్‌తో "ఇంకో రెండు వారాలు పెంచండి" అని కొట్లాడేకన్నా, "నా సెవరెన్స్‌లో కొంత భాగాన్ని నోటీస్ పీరియడ్‌గా మార్చి, సెపరేషన్ డేట్ ఆ మేరకు ఆలస్యంగా పెట్టగలరా?" అని అడగడం మేలు. వారాల సంఖ్య కంపెనీ మొత్తానికి ఒకే ఫార్ములాతో వేస్తారు, అది కదలదు. తేదీ కదులుతుంది, అదీ కాగితం మీద సంతకాలు పడకముందు అడిగితేనే.

ఇందులో రెండు చిక్కులున్నాయి. పని ఇవ్వకుండా జీతం మాత్రం ఇచ్చే కాలాన్ని అధికారి ఎలా చూస్తారన్నదాంట్లో కొంత రిస్క్ ఉంది. పని ఆగిన రోజు నుంచే లెక్కపెడితే? అందుకని పెరిగిన గడువును భద్రత కోసం ఉంచుకోండి, ప్రయత్నాలు మాత్రం పాత లెక్కతోనే చేయండి. రెండోది: పేరోల్ మీద ఉండగానే రిలీజ్ మీద సంతకం చేయిస్తే, సెపరేషన్ డేట్ నాడు ఇంకోసారి సంతకం అడుగుతారు. ఆ రెండోది పెట్టకపోతే డబ్బు రాదు, చాలామంది దాన్ని మర్చిపోతారు.

60 రోజులు అన్నా నిజంగా చేతిలో ఉండేవి 60 కావు. కొత్త కంపెనీ పిటిషన్ ఆ లోపు యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. దానికి ముందు ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే హామీ పత్రం) కావాలి, లేబర్ డిపార్ట్‌మెంట్ దానికి ఏడు పనిదినాలు తీసుకుంటుంది. ఆ పైన లాయర్ ప్రశ్నలు, పాత పేస్టబ్‌లు, డిగ్రీ కాగితాలు. ఆఫర్ లెటర్ 40వ రోజుకల్లా చేతికి రాకపోతే, హెచ్‌4కో (హెచ్‌1బీ ఉన్న జీవిత భాగస్వామి మీద ఆధారపడే స్టేటస్) బీ2కో (సందర్శకుల స్టేటస్) మారేందుకు ఐ-539 దరఖాస్తు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాలి. అదీ 60 లోపే వేయాలి. బీ2 పెండింగ్‌లో ఉండగా ఉద్యోగం చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాళ్లు అడగాల్సింది ఇంకొకటుంది. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, ఆ తర్వాత కంపెనీ వెనక్కి తీసుకున్నా దాని ఆధారంగా హెచ్‌1బీకి ఆరేళ్ల పరిమితి తర్వాతి పొడిగింపులు అడగవచ్చు. 150వ రోజున లేఆఫ్ అయితే? "180 రోజులు నిండేదాకా ఐ-140 విత్‌డ్రా చేయబోము" అన్న ఒక్క వాక్యం అగ్రిమెంట్‌లో రాయించండి. కంపెనీకి పైసా ఖర్చు లేదు. అడిగేవాళ్లే తక్కువ.

అపోహ: "రిజైన్ చేస్తే రికార్డు క్లీన్‌గా ఉంటుంది."

హెచ్‌ఆర్ సానుభూతితో చెప్పే ఈ సలహా హెచ్‌ఆర్‌కే మంచిది. హెచ్‌1బీ కాలం ముగియకముందే కంపెనీ తీసేస్తే, మీరు స్వదేశానికి తిరిగివెళ్లే ప్రయాణ ఖర్చు కంపెనీయే భరించాలి (మీ ఒక్కరిదే, కుటుంబానిది కాదు). మీరే రాజీనామా చేస్తే ఆ బాధ్యత లేదు. నిరుద్యోగ భృతికీ చిక్కే. జాయినింగ్ బోనస్ తిరిగి కట్టమనే షరతు ఎక్కువగా స్వచ్ఛందంగా మానేసినవాళ్లకే ఉంటుంది. అగ్రిమెంట్‌లో "రిజిగ్నేషన్" అన్న పదం కనిపిస్తే కొట్టేయించండి. గ్రేస్ పీరియడ్‌కి మాత్రం రెండూ ఒకటే.

అపోహ: "ఈ శుక్రవారంలోపు సంతకం చేయకపోతే ఏమీ రాదు."

మీకు 40 ఏళ్లు నిండి ఉంటే, వయసు వివక్ష దావాలు వదులుకునే కాగితం చదువుకోవడానికి ఫెడరల్ చట్టం 21 రోజులిస్తుంది. గుంపుగా తీసేస్తే 45 రోజులు. సంతకం చేశాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు, ఈ ఏడింటిని ఎవరూ తగ్గించలేరు. గుంపు లేఆఫ్‌లో ఏ వయసువాళ్లను, ఏ హోదాల్లో తీశారో, ఎవరిని ఉంచారో జాబితా కూడా ఇవ్వాలి. చివరి పేజీల్లో ఉండే ఆ పట్టికను తిప్పేయకుండా చూడండి. 40 లోపువాళ్లకు ఫెడరల్ చట్టంలో ఇలాంటి గడువు లేదు. అయినా "లాయర్‌కి చూపించుకోవడానికి వారం కావాలి" అని మెయిల్ పెడితే సాధారణంగా ఇస్తారు. భయపడుతూ అడగాల్సిన పని లేదు.

బేరమాడితే ఆఫర్ రద్దు చేస్తారా? ఒప్పంద సూత్రాల ప్రకారం, ఆఫర్‌ను కాదని మీ షరతులు పెడితే అది పోయే వీలుంది. అందుకే "ఇది ఒప్పుకోను, అది ఇస్తేనే" అనకండి. "ఆఫర్‌కి థాంక్స్, పరిశీలిస్తున్నాను. ఈ రెండు అంశాలు మార్చగలరా?" అని ప్రశ్నగానే ఉంచండి. రెండే. పది కోరికల చిట్టా పంపితే అది లీగల్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది, అక్కడినుంచి "నో" అని తిరిగొస్తుంది.

అపోహ: సెవరెన్స్ ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి.

ఫెడరల్ చట్టంలో లేదు. వార్న్ చట్టం సాధారణంగా 100 మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీ పెద్ద లేఆఫ్‌కి 60 రోజుల ముందు నోటీసివ్వాలంటుంది, అంతే. న్యూజెర్సీ కథ వేరు. అక్కడి చట్టం 2023 ఏప్రిల్ 10 నుంచి, దాని కిందికొచ్చే లేఆఫ్‌లకు 90 రోజుల నోటీసు, సర్వీసులో ప్రతి పూర్తి ఏడాదికీ ఒక వారం జీతం తప్పనిసరి చేసింది. ఆ డబ్బు మీ హక్కు కాబట్టి, రాష్ట్ర అధికారి లేదా కోర్టు ఆమోదం లేకుండా వదులుకున్నా చెల్లదు. రిలీజ్ కావాలంటే కంపెనీ దానిమీద అదనంగా ఏదో ఇవ్వాలి. పీస్కాటవేలోనో జెర్సీ సిటీలోనో పనిచేస్తూ "ఏడేళ్లకి ఏడు వారాలిచ్చారు, ఎంత మంచి కంపెనీయో" అని మురిసిపోయి రిలీజ్ మీద సంతకం పెట్టకండి.

మిగతావి చకచకా. సెవరెన్స్‌లో సగం పన్నుకే పోతుందంటారు: ఫెడరల్‌గా పట్టుకునేది సాధారణంగా 22 శాతం, పైన సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45, రాష్ట్ర పన్నుంటే అదీ. పట్టుకున్నదే తుది పన్ను కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. నాన్‌కంపీట్‌లు (పోటీ కంపెనీలో చేరకూడదనే షరతులు) దేశమంతా రద్దయ్యాయన్నది అబద్ధం, 2024లో ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) తెచ్చిన నిషేధాన్ని అమలుకు ముందే టెక్సస్ కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియాలో మాత్రం అవి ఎప్పటినుంచో చెల్లవు. ఐఎస్ఓ ఆప్షన్లను (పన్ను వెసులుబాటుతో కంపెనీ షేర్లు కొనే హక్కులు) ఐఎస్ఓలుగా వాడుకోవడానికి ఉద్యోగం ముగిశాక మూడు నెలలే ఉంటాయి. కోబ్రా (ఉద్యోగం పోయాక పాత గ్రూప్ ఇన్సూరెన్స్‌నే కొనసాగించుకునే వీలు) ఖరీదు నిజమే, ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. కానీ ఎంచుకోవడానికి 60 రోజులుంటాయి, ఎంచుకుంటే కవరేజ్ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. అంటే వెంటనే కట్టకుండా ఆగవచ్చు. మధ్యలో ఆసుపత్రి పాలైతే అప్పుడు ఎంచుకుని, వెనకటి ప్రీమియం కట్టవచ్చు.

ఇక కన్సల్టెన్సీ వాళ్ల మాట: "మేం నీ హెచ్‌1బీ పిటిషన్ విత్‌డ్రా చేయం, బెంచ్ మీద ఉండు, జీతం మాత్రం ఉండదు." ప్రాజెక్టు లేకపోయినా ఎల్‌సీఏలో రాసిన జీతం ఇవ్వాల్సిందే. సక్రమంగా తీసేయడమంటే మీకు చెప్పడం, యూఎస్‌సీఐఎస్‌కి తెలపడం, తిరుగు ప్రయాణ ఖర్చు ఇస్తామనడం. అంతవరకూ జీతం బాకీ పడుతూనే ఉంటుంది, ఏడాదిలోపు లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయవచ్చు. మీ డబ్బులే వాళ్లకిచ్చి పేరోల్ రన్ చేయించుకుంటే మాత్రం స్టేటస్ నిలవదు, మీ చేత్తో మీరే మోసానికి ఆధారాలు తయారుచేసి పెట్టినట్టవుతుంది.