షాపులో ఎరుపు, ఇంటికొస్తే తుప్పు

సంక్రాంతి ముగ్గులు ఇంకా పూర్తిగా చెరగలేదు, అప్పుడే ఒడిశాలో మా పర్లాకిమిడి ఫ్యాన్సీ షాపుల ముందు ఎర్ర గుండె బెలూన్లు వేలాడుతున్నాయి. మా మేనకోడలికి కొత్తగా పెళ్లైంది, ఫిబ్రవరి పద్నాలుగుకి హాలంతా ఎర్రగా మెరిసిపోవాలట, "మావయ్యా, బరంపురం ఎలాగూ వెళ్తున్నావు కదా" అని రెండు కర్టెన్లు, నాలుగు కుషన్ కవర్లు నాకు పురమాయించింది. షాపులో పసుపు లైట్ల కింద ఆ గుడ్డ నిప్పు కణికలా ఉంది, బేరమాడటం కూడా మర్చిపోయాను. తీరా ఇంట్లో తగిలిస్తే ఆ పిల్ల నడుం మీద చెయ్యేసుకుని, "ఇదేటి మావయ్యా, తుప్పు రంగు అంటగట్టేశాడు నీకు" అంది.

షాపువాణ్ణి తిట్టుకుంటూ కర్టెన్ పట్టుకెళ్లి వీధి అరుగు మీద ఎండలో పరిచి చూస్తే, మళ్లీ కణకణలాడే ఎరుపే! అంటే తప్పు గుడ్డది కాదు, హాల్లో బల్బుది.

ఎర్ర గుడ్డ చేసే పనల్లా తన మీద పడ్డ వెలుగులో నీలం, ఆకుపచ్చ మింగేసి ఎరుపుని వెనక్కి పంపడమే, అదీ సుమారు 620 నుంచి 750 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగుని. మరి పడే వెలుగులోనే ఎరుపు తక్కువైతే ఏం పంపుతుంది పాపం? పాతకాలం గుండు బల్బులో ఎరుపు దండిగా ఉండేది. ఇప్పుడు మనం కొనే తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్, దాని మీద పసుపు పచ్చటి పూత, ఆ రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి గానీ చవక రకాల్లో ముదురు ఎరుపు చాలా పలచన. పెట్టె మీద 6500 కే (కెల్విన్, వెలుగు రంగుని చెప్పే కొలత) అని ఉంటే ఇంకా చల్లటి తెలుపు, 2700 కే అయితే పసుపు వెచ్చదనం. రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పడానికి సీఆర్ఐ అని ఒక మార్కు వేస్తారు, అందులోనూ చిన్న మెలిక ఉంది, మామూలుగా అచ్చేసే ఆ మార్కు ఎనిమిది లేత రంగుల సగటు, చిక్కటి ఎరుపుని ఆర్9 అని విడిగా కొలుస్తారు, ఆ అంకె చాలా పెట్టెల మీద వెయ్యరు. లెక్కల్లో ఫెయిలైన పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో లెక్కలు తప్ప మిగతావన్నీ చూపించినట్టు.

బల్బు మార్చినా సాయంత్రం ఇంకో పేచీ ఉంది. పొద్దుగూకే వేళ లైటు వెయ్యకుండా మీ పెరట్లో మందారం దగ్గర నిలబడి చూడండి, మధ్యాహ్నం ఆకుల మధ్యనుంచి కొట్టొచ్చినట్టు కనిపించిన పువ్వు నల్లగా అయిపోతుంది, ఆకులు మాత్రం ఇంకా తెలుస్తుంటాయి. దీని గురించి చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1825లోనే రాశాడు. మన కంట్లో వెలుగుని పట్టే కణాలు రెండు రకాలు, పగలు శంకువులు పనిచేస్తాయి, చీకటి పడేకొద్దీ దండాలు అందుకుంటాయి (స్కూల్లో ఈ పేరు వినగానే మేం ఒకరికొకరం దండాలు పెట్టుకునేవాళ్లం), వీటికి 500 నానోమీటర్ల దగ్గర నీలిపచ్చ వెలుగంటే ప్రాణం, ఎరుపంటే దాదాపు గుడ్డివే. అందుకే మసక లైట్లో ఎర్ర అలంకరణ పెడితే రొమాంటిక్ ఏమో గానీ నల్ల గుడ్డలు కట్టినట్టుంటుంది, ఎర్ర వస్తువు మీదే నేరుగా వెలుగు పడేలా చిన్న దీపం ఉండాలి.

గోడ సంగతి కూడా చెప్పాలి. ఆ హాల్లో గోడలు లేత నీలం. కంటి లెన్సు నీలాన్ని ఎక్కువ వంచుతుంది, ఎరుపుని తక్కువ, అందుకే రెండూ ఒకే చోట స్పష్టంగా ఆనవు, చాలామందికి ఎరుపు ముందుకొచ్చినట్టు, నీలం వెనక్కెళ్లినట్టు అనిపిస్తుంది. రెండు నిలువెత్తు కర్టెన్లు ముందుకొచ్చేసరికి గది ఇరుకైపోయింది. అమ్మ ఒకటే మాట అంది, "గడపంతా పసుపు రాసి బొట్లు కుంకుమ పెడతాం గానీ, గడపంతా కుంకుమ పులుముతామేటే?"

ఎరుపు ఎక్కువుంటే బాగోదని కాదు. మా గజపతి, రాయగడ కొండల్లో లాంజియా సవర గిరిజనులు ఇంటి గోడకి ఎర్రమట్టి పూసి దాని మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలేస్తారు, ఆ గోడ ఎరుపే గానీ కంటిని పొడవదు. అందులో ఉన్నది ఐరన్ ఆక్సైడ్, అంటే నిజంగా తుప్పు జాతే, మా పిల్ల తిట్టుగా వాడిన మాట! ఆ ఇనుము ఇప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయి స్థిమితపడింది కాబట్టి ఎండ దాన్ని పెద్దగా ఏం చెయ్యలేదు. రంగు గుడ్డలకి ఆ ధీమా లేదు, నీలం, అతినీలలోహిత కిరణాల్లో శక్తి ఎక్కువ, ఎర్ర రంగు మింగేది ఎక్కువగా వాటినే, మింగీ మింగీ రంగు అణువు విరిగిపోతుంది, కిటికీ వైపు మడత ముందు వెలిసిపోయేది అందుకే.

చెట్ల నుంచి తీసే రంగుల్లో మా వైపు గట్టిది కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత, 2005లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నూలుని ఆముదం, పేడ, బూడిద నీళ్లతో రోజుల తరబడి సాధించి ఆల్ చెట్టు వేరు బెరడుతో ఎరుపెక్కిస్తారు. ఆ చెట్టు మన తొగరు, తొగరంటే పాత తెలుగులో ఎరుపే.

ఎరుపు చూస్తే ప్రేమ పుడుతుందా అని కూడా మా పిల్ల అడిగింది. 2008లో అమెరికాలో ఎలియట్, నియెస్టా అనే ఇద్దరు, ఎర్ర రంగు తోడైతే ఆడవాళ్లు మగవాళ్లకి ఇంకా అందంగా అనిపించారని చూపించారు, పేపర్లన్నీ ఎగబడి రాశాయి. తర్వాత పెద్ద ఎత్తున మళ్లీ చేసిన పరీక్షల్లో ఆ తేడా చాలా చిన్నదిగానో, లేనట్టుగానో తేలింది. కర్టెన్ల మీద మరీ ఆశలు పెట్టుకోవద్దన్నాను.

ఆఖరికి ఏం చేశామంటే, కర్టెన్లు బీరువాలోకెళ్లాయి, గోధుమరంగు సోఫా మీద రెండే కుషన్లు, టీపాయ్ మీద ఇత్తడి గిన్నెలో మందారాలు, వాటి మీదకి వంగిన వెచ్చటి బల్బు. రాత్రి ఎనిమిదింటికి అల్లుడు వచ్చాడు, చెప్పులు విప్పుతూ ఒకసారి హాలంతా చూశాడు, మా పిల్ల ఊపిరి బిగబట్టింది.

"బల్బు మార్చారేటి, పసుపుగా ఉంది?" అన్నాడు.