ఢిల్లీ రన్‌వే 10 దగ్గర జరిగిన దానితో ఓర్వకల్లుకు ఏం పని?

కర్నూలు వాళ్ళకు విమానమంటే శంషాబాద్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గరి దేవనహళ్లి. 2025 డిసెంబరు 1న పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక జవాబులో ఈ రెండు ఎయిర్‌పోర్టులూ ఉన్నాయి. జీపీఎస్ సంకేతాలు చెడుతున్నాయని ఫిర్యాదులు వస్తున్న చోట్లుగా ఢిల్లీతో పాటు ముంబై, కోల్‌కతా, అమృత్‌సర్, చెన్నైలతో కలిపి హైదరాబాద్, బెంగళూరులను కూడా ఆ జవాబు పేర్కొంది. నవంబరులో ఢిల్లీ రన్‌వే 10కి దిగే విమానాలకు దొంగ జీపీఎస్ సంకేతాలు అందాయి. అప్పటిదాకా ఢిల్లీ గొడవగా ఉన్న ఆ సమస్య ఒక్కరోజులో మన 44వ నంబరు హైవేకు రెండు కొసలా వచ్చి నిలిచింది.

ఆ వారం అన్నీ కలగాపులగం అయ్యాయి. అంతకు మూడు రోజుల ముందే ఎయిర్‌బస్ ఏ320 విమానాల సాఫ్ట్‌వేర్ మార్చాలని ఆదేశాలొచ్చాయి. ఆ వెంటనే ఇండిగో విమానాలు వందల కొద్దీ రద్దయ్యాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో మూడింటికీ కలిపి ఒకటే పేరు: హ్యాకింగ్. నిజానికి ఎయిర్‌బస్‌ది సూర్యుడి నుంచి వచ్చే తీవ్ర రేడియేషన్ వల్ల కంట్రోల్ కంప్యూటర్ డేటా చెడే ప్రమాదం. ఇండిగోది పైలట్ల డ్యూటీ వేళల కొత్త నిబంధనలకు సరిపడా ఏర్పాట్లు లేకపోవడం. బయటివాళ్ళు వేలు పెట్టారన్న అనుమానం నిజంగా ఉన్నది జీపీఎస్ విషయంలోనే.

ఎయిర్‌లైన్ల మీద జరిగిన కంప్యూటర్ దాడుల చరిత్ర చాలాసార్లు చెప్పుకున్నదే. 2021లో బయటపడిన ఎయిరిండియా ప్రయాణికుల డేటా లీకు, 2022లో స్పైస్‌జెట్ మీద ర్యాన్సమ్‌వేర్ ప్రయత్నం, 2025 సెప్టెంబరులో హీత్రో, బ్రస్సెల్స్, బెర్లిన్ చెక్-ఇన్ కౌంటర్లను మూలన పడేసిన దాడి. 2024 జులైలో శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది దాడి కాదు, ఒక కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్. ఇవన్నీ నేల మీద, కౌంటర్ దగ్గర ఆగిపోయే ఇబ్బందులు. ఇప్పటి వివాదం కిందికి దిగుతున్న విమానానికి సంబంధించింది.

దీని మూలం ఢిల్లీలో లేదు. రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ అనే చిన్న ఎయిర్‌పోర్టులో ఉంది. 2022 ఏప్రిల్‌లో ఇండిగోకు చెందిన ఏటీఆర్-72 అనే చిన్న విమానం ఒకటి అక్కడ 'గగన్' సాయంతో దిగింది. ఆసియా-పసిఫిక్ ప్రాంతంలోనే ఇది మొదటిసారి అని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఘనంగా చెప్పుకుంది. చెప్పుకోదగ్గదే. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన వ్యవస్థ గగన్. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే మన ఆకాశంలో అయనోవరణం (వాతావరణం పైభాగాన విద్యుత్ కణాలుండే పొర) జీపీఎస్ లెక్కలను బాగా తప్పుదారి పట్టిస్తుంది. నేల మీది కేంద్రాల నుంచి ఆ తప్పును కొలిచి, ఉపగ్రహాల ద్వారా విమానానికి సవరణ పంపడం దీని పని. ఇంజనీరింగ్ పరంగా మనవాళ్ళు సాధించింది చిన్నదేమీ కాదు.

అయితే ఆ రోజు ప్రకటనలో అందరి కళ్ళూ పడింది ఇంకో మాట మీద: నేల మీద పరికరాలు అక్కర్లేకుండానే దాదాపు ఐఎల్‌ఎస్ స్థాయిలో విమానం దించవచ్చు, చిన్న ప్రాంతీయ ఎయిర్‌పోర్టులకు ఇది వరం. ఐఎల్‌ఎస్ అంటే రన్‌వే పక్కనా చివరా నిలబెట్టే రేడియో యంటెనాల వ్యవస్థ. వాటి కిరణాలను పట్టుకుని పైలట్ మబ్బులోనైనా సూటిగా రన్‌వే మీదకు వస్తాడు. పెట్టడానికి ఖర్చు, నిలుపుకోవడానికి ఇంకా ఖర్చు. ఎప్పటికప్పుడు ప్రత్యేక విమానం ఎగరేసి సరిచూడాలి. వారంలో కొన్ని రోజులే విమానం వచ్చే చోట ఇంత డబ్బు ఎందుకని ఎవరైనా అడుగుతారు. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకంలోని చాలా ఎయిర్‌పోర్టుల పరిస్థితీ అదే. కడపలో 2015లో విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో తెరుచుకుంది. ఈ రెండింటికీ వచ్చేది కిషన్‌గఢ్‌లో దిగిన ఆ ఏటీఆర్ రకం విమానమే. కాబట్టి ఆ రోజు రాజస్థాన్‌లో చెప్పిన మాట మనకూ చెప్పినట్టే.

ఇక్కడే లెక్కలోకి రాని సంగతి ఒకటుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి వచ్చే సంకేతం నేలను చేరేసరికి అతి బలహీనం. పైగా పౌరుల వాడకానికి ఇచ్చిన ఆ సంకేతం ఎలా ఉంటుందో ప్రపంచమంతా చదువుకోవచ్చు, అది అసలుదో కాదో తేల్చే ముద్ర దానిమీద ఉండదు. బలమైన ట్రాన్స్‌మిటర్‌తో దాన్ని ముంచేస్తే జామింగ్. అచ్చం అలాంటి దొంగ సంకేతం పంపి విమానం వేరేచోట ఉందని నమ్మిస్తే స్పూఫింగ్. జామింగ్ అయితే సంకేతం పోయిందని పైలట్‌కు తెలుస్తుంది. స్పూఫింగ్‌లో తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అసలు భయం దానితోనే. గగన్ సరిదిద్దేది అయనోవరణపు తప్పును, ఉపగ్రహాల తప్పును. రన్‌వే దగ్గర ఎవరో పెట్టిన దొంగ ట్రాన్స్‌మిటర్ సంగతి దానికి పట్టదు.

కిషన్‌గఢ్ సంబరానికి ఏడాదిన్నర తిరక్కముందే, 2023 సెప్టెంబరులో, ఇరాక్ మీదుగా వెళ్ళే విమానాల్లో ఇది మొదలైంది. గడియారాలు తప్పు టైం చూపాయి. జీపీఎస్ పోయినప్పుడు విమానం కదలికలను కొలిచి స్థానం లెక్కగట్టి ఆదుకోవాల్సిన ఇనర్షియల్ వ్యవస్థలు కొన్ని విమానాల్లో దొంగ సంకేతాన్నే నమ్మి దారి తప్పాయి. ఆ ఏడాది నవంబరులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సర్క్యులర్ ఇచ్చింది. ఆ నెల నుంచి 2025 ఫిబ్రవరి వరకు అమృత్‌సర్, జమ్మూ సరిహద్దు ప్రాంతాల్లోనే 465 ఘటనలు నమోదయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అప్పుడు అందరూ దీన్ని సరిహద్దు సమస్యగానే చూశారు. చిన్న ఎయిర్‌పోర్టులకు ఉపగ్రహమే చాలన్న ఆలోచన మాత్రం అలాగే సాగింది.

2025 నవంబరులో సరిహద్దు సమస్య కాస్తా రాజధానికి వచ్చేసింది. ఢిల్లీలో రన్‌వే 10 ఐఎల్‌ఎస్‌ను మెరుగుపరిచే పని అప్పుడు నడుస్తూ ఉంది. గాలి తూర్పు నుంచి వీయడంతో విమానాలు ఆ రన్‌వే మీదకే, జీపీఎస్ మీద ఆధారపడి దిగాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే స్పూఫింగ్. కొన్ని విమానాలను జైపూర్ వైపు మళ్ళించారు. దీని గురించి మంత్రి రాజ్యసభలో చెప్పిన దాని సారం ఇది: రన్‌వే 10కి జీపీఎస్ పద్ధతిలో వస్తున్న కొన్ని విమానాల్లో స్పూఫింగ్ కనిపించింది, వాటికి ప్రత్యామ్నాయ పద్ధతులు వాడారు. సంప్రదాయ నావిగేషన్ పరికరాలున్న మిగతా రన్‌వేలకు వచ్చిన విమానాలపై ప్రభావం పడలేదు. ప్రభుత్వం దీన్ని ధైర్యం చెప్పడానికే అంది. ఇదే వాక్యాన్ని ఓర్వకల్లు వైపు నుంచి చదివితే వేరే అర్థం వస్తుంది. ఢిల్లీలో మళ్ళించడానికి వేరే రన్‌వేలున్నాయి. ఓర్వకల్లులో ఉన్నది 2,000 మీటర్ల రన్‌వే ఒక్కటే.

అదే వారం, నవంబరు 7న, ఢిల్లీలో ఇంకో దెబ్బ తగిలింది. ఫ్లైట్ ప్లాన్లను కంట్రోలర్లకు చేరవేసే మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ ఆగిపోయింది. కంట్రోలర్లు చేత్తో వివరాలు ఎక్కించుకుంటూ పని నడిపారు, 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. సైబర్ దాడి కాదని అధికార వర్గాలు త్వరగానే చెప్పాయి. కంట్రోలర్ల సంఘం మాట వేరు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఆటోమేషన్ వ్యవస్థలు నెమ్మదిస్తున్నాయని ఆ జులైలోనే హెచ్చరించామని వాళ్ళు గుర్తుచేశారు. ఈ వాదన దగ్గర కాస్త ఆగాలి. దాడా, మొరాయింపా అన్నది దర్యాప్తు చేసేవాళ్ళకు ముఖ్యం. స్క్రీన్ ముందు కూర్చున్న కంట్రోలర్‌కు రెండూ ఒకటే టెన్షన్: ఇది పోతే చేతిలో ఇంకేముంది? పైలట్ల బాధ కూడా ఇలాంటిదే. స్పూఫింగ్ జరిగినప్పుడు నేల తగలబోతోందనే హెచ్చరిక 'పుల్ అప్' అని అబద్ధంగా అరుస్తుంది. పదిసార్లు అబద్ధమని తేలిన అరుపును పదకొండోసారి ఎంత గట్టిగా నమ్ముతారు?

అధికారుల వైపు కూడా చెప్పుకోవాలి. ఎవరికీ ప్రమాదం జరగలేదు. జీపీఎస్ తేడా కనబడితే పది నిమిషాల్లో రిపోర్టు చేయాలని డీజీసీఏ 2025 నవంబరులో నిబంధన పెట్టింది. దొంగ సంకేతం మూలం వెతికే పని వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌కు అప్పగించారు. జీపీఎస్ పూర్తిగా పోయినా విమానాలు నడిచేలా సంప్రదాయ పరికరాలతో కనీస నెట్‌వర్క్‌ను నిలిపి ఉంచుతున్నామనీ చెప్పారు. అది నిజమే, మంచిదే. అయితే అందులో 'కనీస' అన్న మాట ఉంది. అమెరికా కూడా ఇలాంటి కనీస నెట్‌వర్క్ పేరుతోనే విమానాలకు దిక్కు చూపే తన 896 వీఓఆర్ రేడియో కేంద్రాలను 590 దాకా తగ్గించాలని ప్రణాళిక వేసుకుంది. కనీసం అన్నప్పుడు ముందుగా కోత పడేది జనం తక్కువగా దిగే చోటే.

అందుకే ఇప్పుడు మన దగ్గర అడగాల్సిన ప్రశ్న 'హ్యాక్ చేశారా లేదా' అన్నది కాదు. కడప, కర్నూలు రన్‌వేలకు జీపీఎస్ లేని రోజున నేల మీద నుంచి అందే సాయం ఏమిటి, ఆ కనీస నెట్‌వర్క్‌లో వీటికి చోటుందా అన్నది. దీనికి రహస్య పత్రాలేమీ అవసరం లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురించే ఏఐపీ అనే విమానయాన సమాచార సంపుటంలో ప్రతి విమానాశ్రయానికీ ఒక అధ్యాయం ఉంటుంది. అందులో 2.19 అనే భాగంలో అక్కడున్న రేడియో నావిగేషన్, ల్యాండింగ్ పరికరాలన్నీ పట్టికగా ఇస్తారు. కొత్త రూటు కావాలని ఢిల్లీకి వినతిపత్రాలు పట్టుకెళ్ళే మన ఎంపీలు ఈసారి వాటికి ఆ పేజీ కూడా జతచేస్తే అక్కడ జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరో తేలుతుంది.