బోరు పాయింట్ కోసం భూమిలోకి కరెంటు

తెలంగాణలో చాలా భాగం, అటు అనంతపురం వైపు కూడా, కింద ఉన్నది గ్రానైట్. గట్టి గ్రానైట్ నీళ్లు పీల్చుకోదు. నీళ్లుంటే పైనున్న మొరం (చివికిపోయిన రాయి) పొరలో ఉండాలి, లేదా కింద రాతి పగుళ్లలో ఉండాలి. అందుకే ఒక బోరులో నీళ్లు బాగా పడినా, అదే చేనులో నాలుగడుగులు పక్కకు జరిగి వేసిన బోరు నుంచి ఉత్త రాతిపొడి లేవొచ్చు.

ఇక్కడ పనికొచ్చేది రెసిస్టివిటీ సర్వే. ఒకే వరసలో నాలుగు కడ్డీలు నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపుతారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. ఆ రీడింగులతో గ్రాఫు గీస్తే కింది పొరల తీరు అర్థమవుతుంది. 1912లో ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లంబర్జర్ భూమిలోకి ఇలా కరెంటు పంపి కొలిచాడు. ఆయన వెతికింది నీళ్లు కాదు, ఖనిజాలు.

మీటరు నీళ్లను చూడదు. అది చెప్పేది కరెంటుకు నేల ఎంత అడ్డుపడుతోందన్నదే. పగుళ్లు లేని గ్రానైట్‌కు ఆ అంకె వేల ఓమ్-మీటర్లలో ఉంటుంది, నీళ్లు నిండిన మొరానికి చాలావరకు పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. చిక్కంతా బంకమట్టితోనే. అదీ కరెంటును బాగా పోనిస్తుంది, ఉప్పునీళ్లూ అంతే. కాబట్టి అంకె తగ్గగానే నీళ్లున్నాయని సంబరపడకూడదు. చుట్టుపక్కల బోర్లలో కేసింగ్ (పైపొర కూలకుండా దించే పైపు) ఎంత లోతు దిగిందో, ఏ లోతున నీళ్లు తగిలాయో రైతు చెప్పాలి. ఆ కబురు లేకపోతే ఎంత మంచి గ్రాఫైనా సగమే.

లోతుకూ హద్దుంది. మూడువందల అడుగుల కింద ఏముందో తెలియాలంటే బయటి కడ్డీల మధ్య దాదాపు వెయ్యి అడుగులో, అంతకన్నా ఎక్కువో దూరం కావాలి. చిన్న కమతంలో అంత చోటు ఉండదు. పైగా అంత లోతున బెత్తెడు పగులు రీడింగులో తేలదు. ‘ఇన్ని అడుగుల్లో రెండించుల నీళ్లు’ అని ఎవరైనా ఖాయంగా చెబితే నేను నమ్మను.

నా లెక్కలో ఈ సర్వే అసలు విలువ ‘ఇక్కడ వద్దు’ అని చెప్పడంలో ఉంది. మొరం పలచగా ఉండి, వెంటనే గట్టిరాయి మొదలైందని గ్రాఫు చూపితే, రిగ్గు రాకముందే అప్పు తప్పుతుంది.

కొన్నిచోట్ల గ్రానైట్‌ను చీల్చుకుంటూ నల్లరాతి డైకులు గోడల్లా సాగుతాయి. వాటిలో మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం ఉంటుంది కాబట్టి, మట్టి కప్పేసినా అయస్కాంత బలాన్ని కొలిచే మాగ్నెటోమీటరు వాటిని పసిగడుతుంది. పగుళ్లు లేని డైకు భూమిలో పారే నీటికి అడ్డుకట్ట అవుతుంది. అలాంటిచోట ముందుగా చూడాల్సింది డైకుకు ఎగువ పక్కనున్న మొరాన్ని.