ఊరంతా ఒకే సంఘమైతే బలమా? సాయం సంఘాలపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా ఒకాయన ఫోన్ చేశారు. "మా లంకలో రెండొందల గడప ఉందండి. అందరినీ కలిపి ఒకే సాయం సంఘం పెడదామనుకుంటున్నాం, తీర్మానం ఎలా రాయాలో చెప్పండి" అని. కోనసీమ లంకల్లో, అంటే గోదారి పాయల నడుమ ఉన్న ఊళ్ళలో, సంఘాల లెక్కల పుస్తకాలు రాయడం, కొత్తవాటిని నిలబెట్టడం నా పని. ఇలాంటి ఫోను నెలకి రెండు మూడైనా వస్తుంది. ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. ఈ ఒక్కటీ తేలితే మిగతావి చిన్న విషయాలు.

అపోహ: సంఘం ఎంత పెద్దదైతే అంత బలం.

వాస్తవం: కాదు. నెలనెలా కొంత పోగేసుకుని ఒకరికొకరు ఆదుకునే సంఘం పది పదిహేను ఇళ్ళు దాటిందంటే బలం తగ్గడం మొదలవుతుంది. నెలకోసారి అరుగు మీద కూర్చుంటే అందరి మొహాలూ అందరికీ కనపడాలి. పుస్తకం పైకి చదివితే చివర కూర్చున్నావిడకి వినపడాలి. ఎవరింట్లో మంచం పట్టిన మనిషున్నాడో, ఎవరి గేదె చూడిదో అడక్కుండానే తెలియాలి. ఎనభై ఇళ్ళయ్యేసరికి ఇవేవీ మిగలవు. పుస్తకం ఒకరింటికి చేరుతుంది, తాళం చెవి ఇంకొకరి దగ్గరికి పోతుంది, మిగతావాళ్ళంతా "వాళ్ళు చూసుకుంటారులే" అని ఊరుకుంటారు.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. ఒక లంకలో చక్కగా నడుస్తున్న ఐదు సంఘాలని కలిపేద్దామంటే నేనే సరేనన్నాను. ఒకే ఖాతా, ఒకే పుస్తకం, పని తేలికవుతుందనుకున్నాను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే చివరిది, ఇచ్చేశారు. లంకకి వెళ్ళే దారి, మా కాజ్‌వే, మునిగింది. ఆ రోజుకి ఉమ్మడి ఖాతాలో మూడు లక్షల పైచిలుకు ఉంది. సంతకం పెట్టాల్సిన ఇద్దరిలో ఒకావిడ కూతురి పురిటికని కాకినాడ వెళ్ళింది. బ్యాంకేమో ఏటికి అవతల. లంకలో తాగునీళ్ళు రెండో రోజుకే అయిపోయాయి. అంతకు ముందు ఏ సంఘానికా సంఘం పడవాయనతో విడిగా మాట్లాడి పెట్టుకునేది. కలిపేశాక ఆ పని ఎవరిదీ కాకుండా పోయింది. మంచం మీదున్న ఒక తాతని డాబా ఎక్కించాలన్న సంగతి గుర్తొచ్చేసరికి నీళ్ళు నడుములోతు. ఎలాగో ఎత్తుకొచ్చారు, బతికాడు. నీళ్ళు తీశాక నేను వెళితే ఆయన కోడలు ఒక్క మాటా అనలేదు. నాకు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అది నన్ను ఇప్పటికీ పట్టుకునే ఉంది.

అదే లంకలో కలవమని మొండికేసిన పన్నెండిళ్ళ సంఘం ఒకటుంది. వాళ్ళ దగ్గర డబ్బు పదహారు వేలే. కానీ ఎత్తు డాబా ఉన్న ఇంట్లో రెండు బస్తాల బియ్యం, నీళ్ళ డ్రమ్ములు, బరకాలు పెట్టుకున్నారు. వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఇదీ: ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక వస్తే పశువులు ఏటిగట్టు మీదికి వెళ్ళిపోవాలి. 13.75కి రెండోది వస్తే ముసలివాళ్ళు, పసిపిల్లలు, నెలలు నిండినవాళ్ళు గట్టెక్కాలి. 17.75 దాకా, అంటే మూడోదాని దాకా, ఎవరూ ఆగకూడదు. ఎవరింటికి ఎవరు వెళ్ళాలో పుస్తకం వెనక అట్ట మీద పేర్లతో సహా రాసుంది. పన్నెండిళ్ళూ ఆ వరదలో పస్తు లేకుండా గడిపాయి.

మరి రెండొందల గడపని ఏం చెయ్యాలి? పదిహేను సంఘాలు కట్టండి. ఎవరి ఖాతా వాళ్ళది, ఎవరి పుస్తకం వాళ్ళది. ఒక్కో సంఘం నుంచి ఒకరు నెలకోసారి కలిసి కబురు పంచుకోవాలి, పడవ మాట్లాడుకోవాలి, కావలిస్తే బియ్యం బదులిచ్చుకోవాలి. డబ్బు మాత్రం కలపకండి. అప్పుడు ఒక సంఘం చెడినా పద్నాలుగు నిలబడి ఉంటాయి.

ఇక మిగతావి.

"మనలో మనకి లెక్కలెందుకు?" అంటారు. పుస్తకం లేని చోట దొంగతనం జరక్కపోయినా ఎవరో ఒకరికి దొంగ పేరు పడుతుంది. అలా పేరు పడి ఊరొదిలి పోయిన ఒకావిడని ఎరుగుదును. తర్వాత చీటీలన్నీ వెతికి లెక్క కడితే తేడా నలభై రూపాయలు.

రిజిస్ట్రేషన్ లేకపోతే చెల్లదన్నది అపోహ. రిజిస్టర్ కాని పొదుపు సంఘానికి కూడా సంఘం పేరు మీదే బ్యాంకులో పొదుపు ఖాతా తెరవచ్చు. రేపు పెరిగి ధాన్యం వ్యాపారమో, కొబ్బరి వ్యాపారమో చెయ్యాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉండనే ఉంది. ముందు ఆరు నెలలు క్రమం తప్పకుండా కూర్చోండి.

ఇది చీటీపాట కాదు. ఇక్కడ పాట లేదు, తగ్గింపు లేదు. పన్నెండిళ్ళు నెలకి 200 చొప్పున వేస్తే ఏడాదికి 28,800 అవుతుంది. బయట మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే ఏడాదికి 3,600 కట్టాలి. సంఘంలో రూపాయి వడ్డీకైతే 1,200, అదీ మళ్ళీ మీ సంఘంలోకే వస్తుంది.

సంఘంలో చేరితే రేషన్ కార్డు పోతుందట, దాచుకున్నది ప్రభుత్వం లాగేసుకుంటుందట! ఎవరు చెప్పారంటే "వాట్సాప్‌లో వచ్చింది" అంటారు. దయచేసి ఇలాంటివి ముందుకి పంపకండి. మీ పుకారు వల్ల ఆగిపోయేది ఒంటరి ఆడమనిషి పొదుపు.

ఒకే కులం వాళ్ళయితేనే కుదురుతుందన్న మాట కూడా వింటాను. గడపల వరసని బట్టి కట్టండి. మన ఊళ్ళలో పేటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి అలా కట్టినా చాలాసార్లు ఒకే రకం వాళ్ళే తేలతారు, నాకు తెలుసు. అందుకే అన్ని సంఘాలవాళ్ళూ కలిసే నెలవారీ సమావేశం ఒక్కో నెల ఒక్కో పేటలో పెట్టాలని పట్టుబడతాను. మొదటి రెండు సార్లు కొందరు రారు. అయినా చోటు మార్చకండి.

చివరిగా, చేరాలని ఉండీ భయపడేవాళ్ళ గురించి. ముమ్మిడివరం వైపు ఒకావిడ, భర్త పోయాడు, నన్ను పక్కకి పిలిచి "నెలకి 200 కట్టలేనమ్మా, ఏ మొహం పెట్టుకుని చేరను?" అంది. చేరవచ్చు తల్లీ. రోజూ ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టు, నెలాఖరున తూచి తీసుకురా అన్నాను. కొబ్బరికాయల దింపు కార్మికుడైతే ఒక పూట పని ఇస్తాడు, పడవ ఉన్నాయన పడవ ఇస్తాడు. మేం పుస్తకంలో రూపాయలకి ఒక గడి, బియ్యానికి ఒకటి, పనికి ఒకటి గీస్తాం. మూడింటికీ సంఘంలో ఒకే మాట, ఒకే ఓటు. ఆ సంఘంలో ఇప్పుడు బియ్యం డ్రమ్ము తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది.